ఖాళీ షాపులో దగ్గు

ప్రియమైన నాన్నకి,

ఫోన్లో అయితే రెండు మాటలు మాట్లాడి అమ్మకిచ్చేస్తావు, అందుకే ఉత్తరం. నా సంగీతం ఏంటని అడిగావుగా. జనం లేని వెయిటింగ్ రూములు, మెట్లు, కారిడార్ల చప్పుళ్లు పట్టుకొచ్చి, వాటిమీద నెమ్మదిగా స్వరాలు పరుస్తాను. ఒకచోటు వదిలేసి ఇంకోచోటికి చేరని మనుషులు మధ్యలో ఎక్కడో నిలబడతారు కదా, ఆ చోటి పాట. మా వయసువాళ్లు ఇప్పుడు ఇదే వింటున్నారు. నవ్వకు! నువ్వు పనిచేసే బట్టల షాపులో పొద్దున్నే, కస్టమర్లు రాకముందు, పది నిమిషాలు రికార్డు చేసి పంపవూ?

నీ చిట్టి

చిట్టితల్లికి,

నవ్వాను. ముప్పై ఏళ్లుగా ఆ షాపులో ప్యాంట్లు పొట్టి చేస్తున్నా గానీ, ఖాళీ గదికి పాట కుట్టొచ్చని తెలీదే! రికార్డు పంపాను. మధ్యలో దగ్గొచ్చింది, కత్తిరించెయ్. ఇక్కడంతా మామూలే. సీజను కదా, తలెత్తే తీరిక లేదు.

మీ నాన్న

నాన్నా,

పాట పూర్తయింది, ఫోన్‌కి పంపాను. దగ్గు కత్తిరించలేదు. బట్టలు చప్పుడుని పీల్చేస్తాయి. షాపు నిండా బట్టలుంటే నీ దగ్గు అక్కడికక్కడే ఆగిపోవాలి. కానీ గోడలకి తగిలి తిరిగొచ్చింది.

షాపు ఎప్పుడు ఖాళీ చేశారు? రోజూ ఎక్కడికి వెళ్తున్నావు? అమ్మకి నేను చెప్పను. నువ్వే చెప్పు.

చిట్టి

చిట్టీ,

ఇరవై రోజులు జవాబు రాయలేదు, చేతులు రాలేదు. షాపు మూసి రెండు నెలలైంది. వాచ్‌మన్ పాత పరిచయం కాబట్టి ఆ రోజు రికార్డు చెయ్యడానికి లోపలికి రానిచ్చాడు. రోజూ క్యారేజీ పట్టుకుని బస్టాండు వెయిటింగ్ హాల్లో కూర్చునేవాణ్ణి. ఏ బస్సూ ఎక్కను, సాయంత్రం దాకా ఇంటికీ రాను. నిన్న నీ పాట అక్కడే విన్నాను. నా దగ్గు వినపడేసరికి కళ్లలో నీళ్లు ఆగలేదు. పక్కనున్నావిడ "ఏమైందండీ?" అంది. "ఉద్యోగం పోయిందమ్మా" అనేశాను. ఆ మాట మొదట ఎవరో దారినపోయే మనిషికి చెప్పానని సిగ్గేసి, లేచి ఇంటికొచ్చేశాను.

మీ అమ్మ కంగారుపడలేదు, అరవలేదు. "తెలుసు" అంది. "రెండు నెలలుగా మీ చొక్కాకి ఒక్క దారప్పోగు అంటుకుని రావట్లేదు. మీరే చెబుతారని చూస్తున్నా."

"మరి రోజూ క్యారేజీ ఎందుకు కట్టావు?"

"ఎక్కడ కూర్చున్నా ఆకలేస్తుంది కదండీ" అంది.

నాన్న