కాజాలు కుట్టే ఆవిడ చూసిన రాయి

అత్తయ్యగారికి,

మీ పెద్ద కోడలు నమస్కారాలతో రాస్తున్న ఉత్తరం. ఇక్కడ అందరం బాగున్నాం. మీ అబ్బాయికి దగ్గు పూర్తిగా తగ్గింది. మీ మనవరాలికి ముందు పన్ను ఊడింది. దాన్ని నా పనిచోటికి తీసుకెళ్ళి పెద్ద భూతద్దం కింద చూపించమని రెండు రోజులు ప్రాణం తీసింది, చివరికి చూపించాను. అక్కడ పురుడయ్యాక మరదలు లేచి తిరుగుతోందని, పసిది కడుపు నిండా పాలు తాగుతోందని మీరు రాసింది చదివి మనసు కుదుటపడింది.

ఫోనులో మాట సరిగా వినపడదని మీరు ఉత్తరాలే రాయమన్నారు. నాకూ ఇదే నయం. మీ ప్రశ్నలు ఎదురుగా పెట్టుకుని నిదానంగా జవాబు రాసుకోవచ్చు. ఈసారి మాత్రం మూడు వారాలు ఆలస్యం చేశాను. దానికి కారణం మీ చివరి ప్రశ్నే. మొదటి రెండూ ముందు చెప్పేస్తాను.

ఆకాశం నుంచి పడ్డ రాయిని కోస్తే వాసన వస్తుందా అని అడిగారు. అన్నింటికీ రాదు గానీ, కొన్నింటిని కోస్తుంటే అప్పుడే ఆర్పిన అగ్గిపుల్ల వాసన వస్తుంది. మామూలు రాయినైతే నీళ్ళు పోస్తూ కోస్తాం. వీటికి నీళ్ళు తగిలితే లోపలి ఇనుము తుప్పు పడుతుందని స్పిరిట్ చుక్కలు వేస్తాం. కోసిన పలుకును గాజుబిళ్ళ మీద అంటించి, వెంట్రుకలో సగం మందం అయ్యేదాకా అరగదీయడమే నా ఉద్యోగం. అప్పుడు రాయిలోంచి వెలుగు దూరుతుంది. అంతవరకు బొగ్గుముక్కలా ఉన్నది సూక్ష్మదర్శినిలో గులాబీ, నీలం, పసుపు పలుకులుగా కనిపిస్తుంది. పదకొండేళ్ళుగా చూస్తున్నాను, ఇంకా విసుగు పుట్టలేదు.

మేము బడులకు తీసుకెళ్ళే గుడారం ఎలా నిలబడుతుందని కదా రెండో ప్రశ్న. దానికి గుంజలు ఉండవు. ఫ్యానుతో గాలి కొడితే ఉబ్బుతుంది. పిల్లలు మోకాళ్ళ మీద పాకుతూ లోపలికొస్తారు. దీపం ఆర్పి, గుడారం పైకప్పు మీద నక్షత్రాల బొమ్మ వెయ్యగానే ఒక్కసారిగా నిశ్శబ్దమైపోతారు. పోయిన వారం ఒక పిల్ల, "చంద్రుడి వెనకవైపు ఎవరు ఊడుస్తారు?" అని అడిగింది. మాతో వచ్చిన పరిశోధక విద్యార్థిని కాసేపు తడుముకుని, ఎవరూ ఊడవరనీ, గాలి లేదు కాబట్టి అక్కడి దుమ్ము ఎక్కడిదక్కడే ఉంటుందనీ చెప్పింది. "అయితే మా ఇల్లే నయం" అంది ఆ పిల్ల.

ఇక మూడో ప్రశ్న. నెలకొక శనివారం మా పరిశోధనా కేంద్రం తలుపులు అందరికీ తీసి ఉంచుతాం. ఉల్క అనుకున్న రాయిని ఎవరైనా తెచ్చి చూపించుకోవచ్చు. వచ్చేవాటిలో దాదాపు అన్నీ మామూలు రాళ్ళే, లేకపోతే ఇనుము కరిగించినప్పుడు మిగిలే చిట్టెం. ఒక దర్జీగారు నల్లరాయి తెచ్చారనీ, పరీక్షించి చిట్టెమని తేల్చి పంపేశాననీ పోయిన ఉత్తరంలో సరదాగా రాశాను. మీరు తిరుగుటపాలో ఒక్క వాక్యం రాశారు: "ఇంతకీ ఆయనకి ఆ రాయి ఎలా దొరికిందట?"

నేను అడగలేదు అత్తయ్యగారూ.

మీ ఉత్తరం మడిచి పెట్టేశాను గానీ ఆ రాయి కళ్ళ ముందు నుంచి పోలేదు. పైన నల్లగా, వార్నిషు పూసినట్టు మెరుస్తోంది. ఒక మూల పెచ్చు లేచిన చోట లోపల ఎండిన సిమెంటు రంగు. చిట్టెం విరిగితే లోపల బుడగల గుంటలు ఉంటాయి. దీనికి ఒక్కటీ లేదు. ఉల్కలను చాలావరకు అయస్కాంతం పట్టుకుంటుంది, దీన్ని పట్టుకోలేదని మీకు రాసిన మాట నిజమే. కానీ ఇనుము లేని ఉల్కలూ ఉంటాయి. అరుదైనవి అవే. ఆ సంగతి బడిపిల్లలకు చెప్పేది నేనే.

రెండు రోజులు తినీ తినక తిరిగి, మూడో రోజు డైరెక్టరుగారి గదిలోకి వెళ్ళి చెప్పేశాను. ఆవిడ కోప్పడలేదు. కళ్ళజోడు తీసి, "అడ్రసుందా?" అని మాత్రం అడిగారు. రిజిస్టరులో ‘దర్జీ, స్టేడియం వెనక’ అని ఉంది. ఆదివారం పొద్దున్నే బయల్దేరాను. ఆ వీధిలో దర్జీ కొట్లు ఏడున్నాయి. ఐదో కొట్టులో ఆయన దొరికారు. మెడలో టేపు, చెవి మీద సుద్దముక్క. నన్ను గుర్తుపట్టి గుమ్మంలోకి వచ్చేశారు.

"మెల్లగా అండీ. మా ఆవిడ లోపలుంది" అన్నారు.

అప్పుడు చెప్పారు. రాయి ఆయనది కాదు, భార్యది. ఆవిడకు పదేళ్ళప్పుడు మిట్టమధ్యాహ్నం పొలంలో తన ఎదురుగా పడిందట. పరుగెత్తి చేత్తో తీసుకుంది. చల్లగా ఉందని ఇంటికొచ్చి చెప్పింది. పైనుంచి పడ్డది నిప్పులా కాలాలి గానీ చల్లగా ఎలా ఉంటుందని అందరూ నవ్వారు. పెళ్ళయ్యాక ఈయనా నవ్వారు. పోయిన నెల ఎందుకో బుద్ధిపుట్టి, ఆవిడకు చెప్పకుండా రాయిని సంచిలో వేసుకుని మా దగ్గరికొచ్చారు. తిరిగొచ్చి చిట్టెమట అని చెబితే, ఆవిడ "సరే" అని కాజాలు కుట్టుకుంటూ కూర్చుందట. ఆ రోజు నుంచి రాయి మాటే ఎత్తలేదట.

నేను లోపలికెళ్ళాను. ఆవిడ చొక్కా ఒళ్ళో పెట్టుకుని కాజా కుడుతోంది. నేనెవరో చెప్పుకుని, తప్పు నాదేనని, సరిగా చూడలేదని, ఇంకోసారి చూస్తామని అన్నాను. ఆవిడ దారం కొరికి తలెత్తింది.

"యాభై ఏళ్ళు అబద్ధమన్నారు. నువ్వు నిమిషంలో అనేశావు. ఇప్పుడు మళ్ళీ ఇవ్వాలా?"

చల్లగా ఉండటంలో వింతేమీ లేదని మాత్రం చెప్పాను. అంతరిక్షంలో రాయి లోపలంతా గడ్డకట్టి ఉంటుంది. గాలిలోకి దూసుకొచ్చే ఆ కొద్ది సెకన్లలో పైపొర ఒక్కటే మాడి రాలిపోతుంది. నేలకు చేరేసరికి చల్లారిపోయే రాళ్ళే ఎక్కువ. ఆవిడ సూది చొక్కాకు గుచ్చి లేచింది. తర్వాత బీరువాలోంచి గుడ్డలో చుట్టిన రాయి తెచ్చి, "కోసేటప్పుడు నేను పక్కనే ఉంటాను" అంది.

అలాగే ఉంది. కళ్ళకు అద్దాలు, చెవులకు దూది పెట్టుకుని రంపం పక్కన గంటసేపు నిలబడింది. నాలుగు రోజులకు పలుకు సిద్ధమయ్యాక మొదట ఆవిడనే చూడమన్నాను. సూక్ష్మదర్శిని మీద వంగి, "ఇన్ని రంగులు దీనిలోనే ఉన్నాయా?" అంది. తర్వాత డైరెక్టరుగారు చూశారు. కొలిమిలో పుట్టింది కాదన్నారు. ఏదో చిన్న గ్రహం మీద ఎన్నడో పారి గడ్డకట్టిన లావా అయ్యుంటుందట. ఆఖరి పరీక్షకు చిటికెడు పొడి ఇంకో ప్రయోగశాలకు పంపాం. ఆ ఫలితం ఇంకా రావాలి.

ఇప్పుడు మీతో చెప్పవలసింది ఇంకొకటి ఉంది. పోయిన ఉత్తరంలో ఆ రాయిని పలక మీద గీసి గీత రంగు చూసి, సూక్ష్మదర్శిని కింద కూడా పరీక్షించానని రాశాను. అది అబద్ధం. అయస్కాంతం ఆనించి, పట్టుకోకపోయేసరికి ఆయన చేతిలో పెట్టేశాను. వెనక ఇరవై మంది వరుసలో ఉన్నారు. మిగతాదంతా మీకు పనిమంతురాలిగా కనపడాలని కలిపి రాశాను. ‘మా కోడలు దేన్నీ చూడకుండా చెప్పదు’ అని మీరు అక్కడ చుట్టాలందరితో అంటున్నారని మరదలు చెప్పింది. అది విన్నప్పటి నుంచి కలం కదలలేదు. డైరెక్టరుగారికి చెప్పడానికి రెండు రోజులు పట్టింది, మీకు చెప్పడానికి మూడు వారాలు. మీరేమన్నా పడతాను.

పోయిన ఆదివారం ఆ రాయి పడిన పొలానికి వెళ్ళాం. పడేటప్పుడు చప్పుడైందా అని డైరెక్టరుగారు ఆవిడను అడిగారు. కొత్త గుడ్డ తాను బర్రున చింపినట్టు ఉందట. ఏ వైపు నుంచి వచ్చిందని అడిగితే ఆవిడ గట్టు మీద నిలబడి, పాదాలు రెండు మూడుసార్లు సర్దుకుని, కళ్ళు మూసుకుని చెయ్యెత్తి చూపించింది. ఒక విద్యార్థి దిక్సూచి పెట్టి రాసుకున్నాడు. రాయి గాలిలో పగిలి ఉంటే ఆ గీత వెంబడి ఇంకా ముక్కలు ఉండొచ్చు. దర్జీగారితో సహా పదకొండు మందిమి వరుసగా నిలబడి, తలలు వంచుకుని సాయంత్రం దాకా నడిచాం. మాకు దొరికినవల్లా రెండు గులకరాళ్ళు, ఒక నాగలి ముక్క.

తిరిగొస్తుంటే నేను ఆవిడ పక్కన నడుస్తూ, ఇవాళ ఏమీ దొరకలేదని నొచ్చుకున్నాను.

"పొలం ఇంకా సగం ఉంది. వచ్చే ఆదివారం ఇంకాస్త ముందు బయల్దేరదాం" అంది, చీరకు అంటిన పల్లేరుకాయలు ఏరి పారేస్తూ.

ఇట్లు,
మీరు ఏమంటారోనని ఎదురుచూస్తున్న
మీ పెద్ద కోడలు