రెండు గంటల దూరం

లిమా,
నవంబరు 9.

అన్నయ్య హువెనాల్‌కి,

నీ చెల్లెలు నెల్వా నమస్కారాలు. నువ్వూ వదినా కులాసాగా ఉన్నారని తలుస్తాను. నేనిక్కడ బాగానే ఉన్నాను. తింటున్నాను, పనికి పోతున్నాను, నిద్ర కూడా పడుతోంది.

ఒకటో తారీఖున నేను ఆలస్యంగా వచ్చిన సంగతి రాయాలి. లిమా నుంచి లా పాస్‌కి గాలిలో వెయ్యి కిలోమీటర్ల పైచిలుకు. విమానానికి రెండు గంటలైనా పట్టదు. తొమ్మిదిన్నరకి ఎక్కితే పదకొండున్నరలోపే దిగుతాను, అక్కణ్ణించి మనిల్లు ఇరవై నిమిషాలే కదా అనుకున్నాను. మీ గడియారం మాకంటే గంట ముందుంటుందన్నది మరిచేపోయాను.

నవంబరు ఒకటిన మిట్టమధ్యాహ్నం పన్నెండుకి పోయినవాళ్లు ఇంటికొస్తారు. అమ్మ పోయాక ఆవిడ కోసం తిండీ నీళ్లూ పెట్టి అలంకరించే మొదటి బల్ల ఇదే. ఆ వేళకి నీళ్ల గ్లాసు ఒక్కగానొక్క కూతురే పెట్టాలని పదిసార్లు ఫోన్ చేసి చెప్పావు. నేను గుమ్మం ఎక్కేసరికి ఒంటిగంట. గ్లాసు వదిన పెట్టేసింది. అమ్మ మొహం దిద్దిన రొట్టె బొమ్మ, ఆవిడ దిగి రావడానికి రొట్టె నిచ్చెన, చెరుకు గడలు, అన్నీ అమర్చేశారు. నేను తెచ్చిన లిమా మిఠాయి ఓ మూల పెట్టబోతే, పన్నెండు దాటాక పెట్టింది అమ్మకి కాదే, ఈగలకి అంది సెవెరినా అత్త. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నువ్వు మాత్రం, విమానాలెక్కి తిరిగేదానివి గడియారం చూసుకోవడం రాదా, వచ్చే ఏడాది నువ్వు రానక్కర్లేదు అన్నావు. నాకు కోపం రాలేదు. కళ్లూ తడవలేదు. అమ్మ పోయిందని జూన్‌లో నువ్వు ఫోన్ చేసినప్పుడూ అంతే. సరే అని పెట్టేసి, నానబెట్టిన బట్టలు ఉతుక్కున్నాను. మట్టి చేసేనాటికి టికెట్టు దొరకలేదన్నాను.

ఎంత దూరంలో ఉన్నావే అని అమ్మ ఎప్పుడూ అడిగేది. రెండు గంటలే అమ్మా, తలుచుకుంటే వచ్చేస్తాను అనేదాన్ని. రెండు గంటలే అయితే నాలుగేళ్లుగా ఎందుకు రాలేదే అంది ఒకసారి. సెలవు లేదన్నాను.

మూడేళ్లు పెట్టాలి కదా, ఇంకా రెండు బల్లలున్నాయి. వాటికైనా నన్ను రానివ్వు అన్నయ్యా. నీకు తప్ప ఇంకెవరికి రాసుకోను?

నీ చెల్లెలు,
నెల్వా

తా.క. గంట తేడా మరిచిపోయానన్నది అబద్ధం. నేను తెల్లవారుజాము విమానానికే వచ్చాను. మీ గడియారంలో తొమ్మిదిన్నరకే దిగాను. ఒళ్లో మిఠాయి పెట్టె పెట్టుకుని, పన్నెండు దాటేదాకా విమానాశ్రయంలోనే కూర్చున్నాను. అమ్మ నిజంగానే వచ్చి ఎదురుగా నిలబడితే, అప్పుడు కూడా నాకు ఏమీ అనిపించకపోతే? ఆ భయంతోనే కూర్చుండిపోయాను. వచ్చే ఏడాది నువ్వు రానిస్తే బస్సులో వస్తాను. ఒక రోజు పైనే పడుతుంది. అంత దారిలో ఎక్కడో ఒకచోట ఏడుపు వస్తుందేమో.