చక్రాలకు పెట్టిన బొట్టు

చెల్లె పుష్పా, నా బిడ్డ ఉమారాణి క్షేమంగ ఉన్నది, ముందు అది తెలుసుకో.

నిన్న భువనగిరిలో సైకిల్ పోటీకి ముందు, బొట్టు నిలవాలని కుంకుమను నూనెలో కలిపి చక్రాల అంచులకు పెట్టిన. గుట్ట దిగేటప్పుడు బ్రేకులు పట్టలేదు. ఎదురుగ లారీ ఆగి ఉంటే, ఉమ పక్కనున్న గడ్డికుప్పలోకి తిప్పి బతికింది. మోచేయి గీరుకపోయింది.

"నూనె నువ్వు పెట్టి, ఆపే పని దేవునికి అప్పజెప్పినవా అమ్మా?" అన్నడు కోచ్. ఫోన్‌లో చెప్తే నువ్వు భయపడతవని ఈ కార్డు రాస్తున్న.

వచ్చే వారం దసరా పూజకు నీ బిడ్డ రమ సైకిల్‌కు హ్యాండిల్ మీదనే బొట్టు పెట్టు. చక్రాలకు నూనె తగలనియ్యకు. బర్రె ఈనిందా?

రేపు ఇంకో పోటీ ఉన్నది. "నా సైకిల్ ముట్టకే అమ్మా" అన్నది ఉమ. దూరం నుంచే దండం పెట్టుకుంట. నీకు, రమకు నరసింహస్వామి తోడుండాలె.

మీ అక్క,
సుక్కమ్మ