పరీక్షకు ముందు పోసిన నూనె

బావగారికి,

నిన్న మీరు ప్యూన్ చేత పంపించిన మెమో అందింది. అక్క భర్తన్న మొహమాటం పక్కనపెట్టి జవాబు రాస్తున్నాను.

మన అణు విద్యుత్ కేంద్రంలో రియాక్టర్‌ను చల్లబరిచే ఆ అత్యవసర పంపు ఏడాదంతా ఊరికే పడి ఉంటుంది. కరెంటు పోయి అది వేడెక్కితే మాత్రం పంపు ఆ క్షణంలోనే తిరగాలి. తిరుగుతుందో లేదో చూడటానికే నెలకోసారి పరీక్ష. తనిఖీ అధికారి రావడానికి గంట ముందు, "ఒరేయ్, దాన్ని కాస్త లేపి ఉంచు" అంటారు మీరు. నేను బేరింగులో నూనె పోసి, పది నిమిషాలు నడిపి ఆపేస్తాను. ఆయన మీట నొక్కగానే అది బుద్ధిగా తిరుగుతుంది. పదకొండేళ్లుగా ఇదే తంతు.

ఈసారి నేను చెయ్యి పెట్టలేదు. ఆయన ఎదుటే అది కీచుమని అరిచి బిగుసుకుపోయింది. మీ మెమో ప్రకారం తప్పు అరిగిన బేరింగుది కాదట, నా నిర్లక్ష్యానిదట! ప్రమాదం గంట ముందు మీకు కబురు పెట్టి వస్తుందా? కేంద్రం గోడ వెనక క్వార్టర్సులోనే కదా మా అక్కా, మీ పిల్లలూ ఉండేది!

"తప్పైపోయిందని రాసెయ్యరా, గొడవ వదిలిపోతుంది" అని అక్క ఫోన్ చేసింది. రాశాను, కానీ మీకు కాదు. పదకొండేళ్ల నా తప్పంతా తనిఖీ అధికారికి రాసిచ్చాను.

మెమోలో మీరడిగారు: "ప్రతి నెలా చేస్తున్నట్టు పరీక్షకు ముందే పంపును ఎందుకు నడిపి ఉంచలేదు?" ఇన్నేళ్లూ ఆ మాట ఎవరూ కాగితం మీద పెట్టలేదు. మీరే పెట్టారు, సంతకంతో సహా. ఆయనకు రాసిచ్చినదానికి ఆ మెమో నకలూ జతచేశాను.

ఇక మీ సంజాయిషీ మీరు రాసుకోండి.

పంపుల ఫిట్టరు