డోలక్ చోటు

పాస్టరయ్యగారికి, సిరుగుప్ప సంఘంలో డోలక్ వాయించే నేను వందనాలతో రాస్తున్నాను. ఎదురుపడి చెప్పే ధైర్యం లేదు.

నేను కూర్చునే చోటికి ఆడవాళ్ల చాప ఎదురుగా ఉంటుంది. పాట మొదలైతే నా చూపు అక్షత టీచరు మీదికి పోతుంది, వెంటే చెడు ఆలోచనలు వస్తాయి. అందుకే మూడు నెలలుగా కళ్లు మూసుకుని వాయిస్తున్నాను. అది చూసి సంఘపెద్ద గాళెప్ప, "వీడు ఆత్మలో మునిగిపోయినాడప్పా" అని నన్ను యువకులకు నాయకుణ్ణి చేశాడు. ఈ ఆదివారం పరిశుద్ధత మీద సాక్ష్యం చెప్పమన్నాడు.

మొన్న ప్రార్థన మధ్యలో కళ్లు తెరిచాను. అక్షత టీచరు ఏడుస్తోంది. ఎందుకో తెలియదు గానీ, ఆమె కోసం ప్రార్థించాను. ఆ పూట ఇంకే ఆలోచనా రాలేదు.

అయినా సరే, ఆదివారంలోపు నా డోలక్ చోటు గోడవైపు తిప్పించండి.