ఫ్లైఓవర్ మీద ఒక్క కుదుపు

జూన్ 3, సోమవారం

ఉదయలక్ష్మి గారి కారు మూడోసారి షెడ్డుకి వచ్చింది. అదే కంప్లైంట్. పంజాగుట్ట ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు ఇంజన్ ఒక్కసారి కుదిపి, మళ్లీ ఏమీ ఎరగనట్టు నడుస్తుందట. రోజూ కాదు. భర్తను డయాలసిస్‌కి తీసుకెళ్లేటప్పుడు, మధ్యాహ్నం ఎండలో, ఏసీ వేసి ఉన్నప్పుడు.

స్కానర్ పెట్టాను. ఒక్క ఎర్రర్ కోడ్ కూడా లేదు. అమీర్‌పేటలో రెండు రౌండ్లు తిప్పాను. సాఫీగా నడిచింది. బండిలో ఏమీ లేదండీ అన్నాను. అయితే ఇదంతా నా ఊహే అంటారా ఏంటి అని అడిగారావిడ.

మొగిలన్న బానెట్ మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. అరవైకి దగ్గర పడ్డాడు. నాన్న ఉన్నప్పటి నుంచి మా షెడ్డులోనే మెకానిక్. ఉన్నది సేఠ్, నాకు వినొస్తున్నది అన్నాడు. పట్టించుకోలేదు.

జూన్ 5, బుధవారం

ఇవాళ నోరు జారాను. జారడం కాదు, కావాలనే అన్నాను.

ఆవిడ హాస్పిటల్ నుంచి నేరుగా షెడ్డుకి వచ్చారు. మళ్లీ కుదిపిందట, వెనక బస్సు వచ్చి గుద్దినంత పనైందట. భర్త సూర్యనారాయణ గారు వెనక సీట్లో కళ్లు మూసుకుని ఉన్నారు. నాకు సిగ్గేసింది. సిగ్గేస్తే నాకు కోపం వస్తుంది. ఏప్రిల్‌లో ప్లగ్గులు మార్చింది మొగిలన్న. కళ్లు కనపడకపోతే ఇంట్లో కూర్చో, నా పేరు చెడగొట్టకు అని ఆవిడ ముందే అరిచాను.

మొగిలన్న చేతులు తుడుచుకున్నాడు. ఆమె పోయినంక మాట్లాడుదాం సేఠ్ అన్నాడు. మాట్లాడేదేం లేదు, వెళ్లమన్నాను. అన్నం డబ్బా తీసుకుని బోరబండ బస్సెక్కాడు.

ఇరవై రెండేళ్లు.

జూన్ 7, శుక్రవారం

మొగిలన్న రాలేదు. నేను ఫోన్ చేయలేదు.

జూన్ 11, మంగళవారం

ప్లగ్గులు నాలుగూ విప్పి చూశాను. మొగిలన్న బిగింపులో తప్పు లేదు. అయినా కొత్తవి వేశాను. ప్లగ్గులకి కరెంటిచ్చే కాయిల్ మార్చాను. ఇంజెక్టర్లు క్లీన్ చేశాను. ఫ్యూయల్ ప్రెషర్ చూశాను, బాగుంది. ఏది పాడైందో తెలియనప్పుడు మనిషి అన్నీ మారుస్తాడు.

క్యాబ్ వాళ్లు వీల్‌చైర్ చూడగానే క్యాన్సిల్ చేస్తున్నారని, కారు త్వరగా ఇమ్మని ఆవిడ రెండుసార్లు ఫోన్ చేశారు. రెడీ అని చెప్పాను. గట్టిగా చెప్పాను.

జూన్ 14, శుక్రవారం, సాయంత్రం 5

డయాలసిస్‌కి వెళ్తుంటే ఫ్లైఓవర్ మధ్యలో కారు ఆగిపోయింది. ఈసారి పూర్తిగా.

బైక్ మీద వెళ్లాను. వెనక ఖైరతాబాద్ వైపు దాకా హారన్లు. అద్దాలు దించి, రిపోర్టుల ఫైలుతో ఆయనకి విసురుతున్నారావిడ. ఆయన పెదాలు నల్లబడ్డాయి. కాయిల్ ఫ్యూజ్ పోయిందని కనుక్కుని మార్చేసరికి నలభై నిమిషాలు పట్టింది. ఆ ట్రాఫిక్‌లో నేను కారు స్టార్ట్ చేయడం, అంబులెన్స్ రావడం ఒకేసారి జరిగాయి. ఆయన్ని అంబులెన్స్‌లోనే తీసుకెళ్లారు. ఐసీయూ.

మీరు రెడీ అన్నారు కదా కేదార్ గారూ అన్నారావిడ. అంతే. తిట్టి ఉంటే బాగుండేది.

జూన్ 16, ఆదివారం

దొరికింది.

ఫ్యూజ్ ఊరికే పోదు. ఎక్కడో వైరు ఇనుముకి తగులుతుండాలి. కారులో ఉండిపోయిన ఫైలు కోసం ఆవిడ షెడ్డుకి వస్తే, ఐదు నిమిషాలు స్టీరింగ్ దగ్గర కూర్చోమని బతిమాలాను. స్టార్ట్ చేసి గేరు వేసి, బ్రేక్ గట్టిగా తొక్కి, క్లచ్ కొంచెం వదలమన్నాను. బరువు పడగానే ఇంజన్ పక్కకి ఒరిగింది. కాయిల్ వైరు, ఆల్టర్నేటర్‌ని పట్టి ఉంచే ఇనుప బ్రాకెట్ అంచుకి ఒరుసుకుంది. టప్‌మని మెరుపు. అదే కుదుపు. పైతొడుగు అరిగి రాగి కనపడుతోంది. ఏసీ భారంతో ఎత్తు ఎక్కేటప్పుడు క్షణంసేపు తగిలి వదిలేస్తుంది. అంతలోనే పోయేదాన్ని కారు కంప్యూటర్ రాసుకోదు. చదును రోడ్డు మీద తిప్పితే నాకేం కనపడుతుంది?

ఆ బ్రాకెట్ మార్చిలో బిగించింది నేను. వైరుని పట్టి ఉంచే క్లిప్పు తీసి, మళ్లీ పెట్టలేదు.

ఎవరి పనో ఆవిడ అడగలేదు. నేనే చెప్పాను. ఆ పెద్దాయన కాదా అన్నారు. కాదన్నాను. ఫైలు తీసుకుని నడిచి వెళ్లిపోయారు.

సరిచేయడానికి పది నిమిషాలు పట్టింది.

జూన్ 17, సోమవారం

బోరబండ వెళ్లాను. మొగిలన్న భార్య వజ్రమ్మ తలుపు తీసింది. మొగిలన్న వాచ్‌మన్ యూనిఫాంలో ఉన్నాడు. లక్డీకాపూల్‌లో ఏదో ఆఫీసు బిల్డింగట, డ్యూటీకి బయలుదేరుతున్నాడు.

సంగతంతా చెప్పాను. తలూపాడు. నాకు ఆ దినమే డౌటొచ్చింది సేఠ్, గా బ్రాకెట్ నువ్వు పెట్టిందే, ఆమె ముంగట నీ పేరు ఎట్ల తియ్యాలె అన్నాడు.

మళ్లీ షెడ్డుకి రమ్మన్నాను. రానన్నాడు. కోపం లేదట. గీ పనిల చేతులకు మసి అంటదు, నా మీద ఎవ్వరు ఒర్రరు అన్నాడు. ఇన్నేండ్లు చేసిన మనిషికి కండ్లు కనిపిస్తలేవన్నవంట గదా బిడ్డా అంది వజ్రమ్మ. అని, ఛాయ్ పోసి చేతికిచ్చింది. తాగాను.

జూలై 4, గురువారం

ఉదయలక్ష్మి గారు ఫోన్ చేశారు. సూర్యనారాయణ గారు పోయి పదకొండు రోజులైంది. కారు అమ్మిపెట్టమన్నారు. ఆయన పోయింది ఫ్లైఓవర్ మీద ఆ రోజు ఆలస్యం వల్ల కాదని డాక్టర్ చెప్పారట. నేను అడగలేదు. ఆవిడే చెప్పారు.