ఆసు పోసే సత్తెమ్మ పేజీ

చైతన్యపురి, హైదరాబాద్.

అమ్మకు, నీ పెద్ద బిడ్డ మంజుల దండాలు పెట్టి రాసేది. నేనిక్కడ బాగున్నాను. నువ్వు, నాయన, చెల్లె లత బాగున్నారా? నీ కుడి భుజం నొప్పి ఎట్లా ఉంది? లతా, ఉత్తరం గడగడా చదివేయకు. అమ్మ పని ఆపి కూర్చున్నాకే మొదలుపెట్టు. ఫోన్‌లో చెబుదామంటే మగ్గం చప్పుడులో సగం మాట అమ్మ చెవిన పడదు, అందుకే రాస్తున్నాను.

హాస్టల్ సాంబారు ఇంకా నీళ్లలాగే ఉంది. అయినా నేనేం చిక్కిపోలేదు, బెంగ పెట్టుకోకు. వానలు తగ్గాయి. తెలంగాణ కోసం బంద్ జరిగిన రోజు దిల్‌సుఖ్‌నగర్‌లో బస్సులుండవు, కొత్తపేటలోని ఆఫీసుకు నడిచే పోతాను. సాయంత్రాలు మాత్రం మీరు గుర్తొచ్చి ఏడుపొస్తుంది. సరే, అది వదిలెయ్. అసలు సంగతి విను. నీ బిడ్డ గెలిచింది!

మా మేడం పిల్లల పుస్తకాలు వేస్తారని చెప్పాను కదా. గుంటూరు ఆవిడ, ఆఫీసు పైఅంతస్తులోనే ఉంటారు. ఈసారి మన చరిత్రలోని ఆడవాళ్ల గురించి బొమ్మల పుస్తకం. రాణులు, పోరాటంలో తుపాకి పట్టినవాళ్లు, బడులు పెట్టినవాళ్లు, చివరికి మన పోచంపల్లి చీర. టైపు చేస్తూ ఆ పేజీకి వచ్చేసరికి నాకు ఒళ్లు మండిపోయింది. మగ్గం మీద మగమనిషి. పక్కన ఆడమనిషి నీళ్ల చెంబుతో నిలబడింది. కింద ‘భార్య ఆయనకు సాయం చేస్తుంది’ అని ఉంది. ఆడవాళ్ల పుస్తకంలో కూడా మనకు చెంబేనా అమ్మా?

లోపలికి పోయి అడిగాను. "మేడం, గీ పేజీ తప్పు. ఆసు ఎవరు పోస్తరనుకున్నరు?"

"ఆసు అంటే ఏంటమ్మా?"

"దారాన్ని మేకులకు తిప్పుకుంట పోగులు సరిచేసుడు. గది గాకుంటే రంగుల ముంచే ముందు పోగులకు కట్టే ముడులు లేవు, రంగు లేదు, అసలు చీరనే లేదు."

"రేపు ప్రెస్సుకు పంపాలి మంజులా. ఇప్పుడు మార్చమంటే ఎలా? నీ పని టైపు చేయడం కదా!"

ఆ మాట గుచ్చుకుంది. ఉద్యోగం పోతుందేమోనని భయం కూడా వేసింది.

మర్నాడు బంద్. ప్రెస్సు తెరవలేదు. ఆ బంద్ నా కోసమే వచ్చిందనుకున్నాను. ఆఫీసుకు నడిచిపోయి, పుస్తకాల పెట్టె చెక్క ఊడదీసి, అర్ధచంద్రంలా మేకులు కొట్టి, వాటికెదురుగా ఒక్క మేకు దిగ్గొట్టాను. బైండింగు దారంతో ఆసు మొదలుపెట్టాను. సుత్తి చప్పుడుకు మేడం దిగి వచ్చారు.

"జర మీరు చేసి చూడుండ్రి మేడం" అన్నాను.

కూర్చున్నారు. పది నిమిషాలు కాకముందే భుజం పట్టుకున్నారు. "అమ్మో! రోజంతా ఇదే పనా?"

"ఒక్క చీరకు వేలసార్లు చెయ్యి గిట్లనే తిరగాలె. మా అమ్మ నన్ను ఒళ్లో పెట్టుకొని గూడ పోసింది."

మేడం దారం పక్కన పెట్టారు. కళ్లద్దాలు తుడుచుకుని, "మీ అమ్మగారి పేరేంటి?" అన్నారు.

లతా, ఇక్కడ ఆగి అమ్మ ముఖం చూడు.

బొమ్మ కొత్తగా వేయించారు. ఆసు ముందు నువ్వే కూర్చున్నావు. పైన పెద్ద అక్షరాలతో ‘సత్తెమ్మ’ అని ఉంది. యాదగిరి భార్య అని లేదు, మంజుల అమ్మ అని కూడా లేదు. నాయన వెనక నిలబడ్డాడు. చెంబు ఇప్పుడు ఆయన చేతిలో ఉంది! అది బొమ్మ వేసినాయన కొంటెతనం, నన్ను తిట్టొద్దని నాయనకు చెప్పు.

నిన్న సైదాబాద్‌లో ఒక బడిలో, అచ్చయి వచ్చిన ఆ పుస్తకం చదివి వినిపించాం. నీ పేజీ రాగానే ఒక పిల్ల లేచి, "మేడం, గీమె ఎప్పుడు సచ్చిపోయింది?" అని అడిగింది. చరిత్రలో ఉన్నవాళ్లంతా పోయినవాళ్లే అనుకుంది పాపం.

"సచ్చిపోవుడేంది! మా అమ్మనే గామె. ఇయ్యాల గూడ ఆసు పోస్తున్నది" అన్నాను. క్లాసంతా ఒకటే చప్పట్లు.

భుజానికి నూనె రాయించుకో. కొన్ని రంగు పోగులు పంపు, పిల్లలకు చూపించాలి. అమ్మమ్మకు, పెద్దనాయనకు నా దండాలు చెప్పు. ‘చల్లగుండు బిడ్డా’ అని ఒక్కసారి అను, నాకు చేరుతుంది.

నీ బిడ్డ,
మంజుల

ఇంకొకటి అమ్మా. ఇన్నాళ్లూ కవరు మీద నాయన పేరే రాశాను. ఈసారి ‘సత్తెమ్మ గారికి’ అని మాత్రమే రాస్తున్నాను. పోస్టుమ్యాన్ గుమ్మంలో నిలబడి ‘గామె ఎవరు?’ అని అడుగుతాడు. లతను పంపకు. నువ్వే లేచి పోయి ‘నేనే’ అని చెప్పి తీసుకో.